హనుమాయమ్మ మోకాలెత్తు పడుగు

నేత సొసైటీ హాల్లో హనుమాయమ్మ ఫోటో పెడతారట. ఫోటో కింద రాసుకోవడానికి ఆవిడ సంగతులు నాలుగు మాటల్లో చెప్పమని నా దగ్గరికొచ్చారు. నాలుగు మాటల్లో చెప్పగలిగినవాళ్ళు ఆవిడ పక్కింట్లో కాపురం చేసి ఉండరు. నేను చేశాను. అందుకని నా ధోరణిలో నేను చెబుతాను, మీకు కావలసిన నాలుగూ మీరే ఏరుకోండి. ఇంకొకటి. ఫోటోకెక్కింది కదా అని ఇప్పుడు ఆవిడ అనాలంటే నా నోరు తిరగదు. అది నాకు తోడికోడలు, నాకంటే చిన్నది. అది అనే అంటాను.

మా ఆయన వెంకటప్పయ్య పెద్దవాడు. దాని మొగుడు ఏడుకొండలు చిన్నవాడు. బెజవాడలో కాలువకీ బజారుకీ మధ్య మా సాలెవీధి. వీధి మొత్తం మగ్గాలే. మా మామగారు పోయాక ఇంటి మగ్గం ఏడుకొండలుకి వచ్చింది. మా ఆయనకి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవడం ఇష్టం లేదు. మా నాన్న డబ్బు సాయం చేస్తే నూలు షాపు పెట్టాడు. మేముండే పెంకుటిల్లు కూడా మా నాన్న నా పేరున రాసిచ్చిందే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

హనుమాయమ్మ పెడన పిల్ల. బందరు రైలు దిగి మా వీధిలోకి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పొడుగు మనిషి. చేతులు ఇంకా పొడుగు. రంగు లేదు, ముక్కు లేదు, ఒంటిమీద చెప్పుకోదగ్గ నగ లేదు. నేను హమ్మయ్య అనుకున్నాను.

మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. మగ్గం ఎక్కించే ముందు పడుగు, అంటే నిలువు దారాలన్నీ, వీధి పొడవునా కర్రలకి లాగి కట్టి గంజి పెడతాం. గంజి పెట్టేటప్పుడు పోగులు తెగుతూ ఉంటాయి. కొత్తకోడలు వచ్చిన వారంలో ఆ పడుగు దగ్గరికి తీసుకొచ్చి తెగిన పోగు ఒకటి కలపమంటారు. ముడి నిలిచిందా, కాపురం నిలిచినట్టు. నేను వచ్చినప్పుడు మా అత్తగారు నా చేతికి పోగు ఇచ్చింది. వీధంతా చూస్తున్నారు. ముడి వేశాను, వదిలాను, అది జారిపోయింది. ఆవిడే ముడి వేసి, "పదమ్మా, ఎండగా ఉంది," అంది. అంతే. ఆ తర్వాత నన్నెప్పుడూ పడుగు దగ్గరికి పిలవలేదు.

హనుమాయమ్మకీ పోగు ఇచ్చారు. అది పక్కావిడతో మాట్లాడుతూ, చూడకుండానే రెండు వేళ్ళతో మెలేసి వదిలింది. మా అత్తగారు ఆ ముడిని గోటితో గీరి చూసింది. రాలేదు. అప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు. నాకు కొడుకు పుట్టినప్పుడు కూడా అంత వెలగలేదు.

అత్తగారు తినేది మా ఇంట్లో. నా చేతి పప్పు, నా చేతి మజ్జిగ. తిని చెయ్యి కడుక్కుని వెళ్ళి కూర్చునేది హనుమాయమ్మ తాటాకింటి ముందు. "అక్కడేముందండీ అత్తయ్యా," అని అడిగితే, "ఏముందీ, కూర్చుంటే కబుర్లు దొర్లుతాయి," అనేది. మా ఇంట్లో కూర్చుంటే కబుర్లు దొర్లవన్నమాట.

వీధిలోవాళ్ళూ అంతే. నేను పట్టుచీర కట్టుకుని వీధిలోకి వెళితే పక్కకి తప్పుకునేవాళ్ళు, గౌరవంగా. అది చిరుగుల చీరతో వస్తే జరిగి చోటిచ్చేవాళ్ళు. తప్పుకోవడానికీ చోటివ్వడానికీ ఎంత తేడా ఉందో పడ్డదాన్ని నాకు తెలుసు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు మా ఆయన మునిసిపాలిటీకి నిలబడతానన్నాడు. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మెంబరుగారి ఇల్లంటే ఏమిటనుకున్నారు. కుళాయి కావాలన్నా, కాలవ పూడిక తియ్యాలన్నా, వీధి దీపం వెలగకపోయినా జనం పొద్దున్నే మా అరుగు మీదికి రావాలి. వచ్చినవాళ్ళు కూర్చోవాలి. నేను లోపల్నుంచి వస్తే లేవాలి. నాకు కావలసింది ఆ లేవడమే. అందుకని పటమట వడ్రంగిని పిలిపించి టేకుబల్ల ఒకటి చేయించాను. వీపు ఆన్చుకోవడానికి వెనక పట్టీలు, చేతులు పెట్టుకోవడానికి అటూ ఇటూ వంపులు. నామినేషన్ వెయ్యకముందే అది మా అరుగు మీదికి వచ్చింది. హనుమాయమ్మ వచ్చి దాన్ని నిమిరి చూసి, "బాగుందక్కా. దీనిమీద కూర్చుంటే లేవబుద్ధి కాదు," అంది. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో ఇప్పటికీ నాకు తేలలేదు.

మా ఆయన మీద నిలబడింది అంకమ్మరావు. సోడాకొట్టు అంకమ్మరావు. నలుగురు కనిపిస్తే మాట తడబడే మనిషి. వాణ్ణి చూసి మేం నవ్వుకున్నాం.

అప్పట్లో ఓటు ఇప్పట్లా అందరికీ లేదు. పన్ను కట్టే ఇళ్ళవాళ్ళకే ఉండేది. ఇల్లు నా పేరున ఉంది కాబట్టి నాకు ఓటుంది. హనుమాయమ్మది తాటాకిల్లు. దానికి పన్నూ లేదు, ఓటూ లేదు. మగ్గం ఆడించే కూలి జనంలో చాలామందికి లేదు. వీధిలో పెంకుటిళ్ళూ మేడలూ ఉన్నవాళ్ళంతా మా ఆయన దగ్గర నూలు తీసుకునేవాళ్ళే. గెలుపు మాదేనని అందరికీ తెలుసు. బల్లకి వార్నీషు కూడా పూయించాను.

ఇక నూలు గొడవ. యుద్ధం పోయింది గానీ కంట్రోలు పోలేదు. నూలు సర్కారు పర్మిట్ మీదే వచ్చేది. మా వీధికి వచ్చే నూలు పర్మిట్ మా ఆయనది. వచ్చే నూలు తక్కువ, మగ్గాలు ఎక్కువ. పెద్ద మగ్గాలవాళ్ళు ఎక్కువ రేటిచ్చేవాళ్ళు. దాంతో బేళ్ళు కొన్ని షాపుకి రాకుండానే కాలువలో పడవ మీంచే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోయేవి. వ్యాపారం చేసేవాడు ఎక్కువిచ్చేవాడికి అమ్మక ఎవరికి అమ్ముతాడు. ఆ మాట నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ చిన్న మగ్గాలు ఆగిపోయినమాట నిజం. పొద్దున లేస్తే వీధంతా మగ్గం చప్పుడు వినపడేది, అది పోయింది. ఏడుకొండలు తాపీపనికి మట్టి మొయ్యడానికి వెళ్ళాడు. దానింట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది. మా అత్తగారు నా ఇంట్లో అన్నం కలుపుకుని సగం తిని, మిగతాది కొంగు కింద పెట్టుకుని వెళ్ళేది. చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఒకరోజు హనుమాయమ్మ నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"బావగారూ, వచ్చిన నూలు మగ్గానికింతని పంచండి. ఎక్కువ వద్దు. ఎంతొస్తే అంతలో తలా కాస్త."

"షాపు నాదా నీదా?" అన్నాడు మా ఆయన.

"షాపు మీదేనండి. వీధి అందరిదీ కదా."

"ఆడవాళ్ళకి వ్యాపారం సంగతులెందుకు. వెళ్ళి ఏడుకొండల్ని పంపించు."

"ఆయన మట్టి మోస్తున్నాడండి. సాయంత్రందాకా రాడు," అంది.

వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. మా ఆయన మొహం కందగడ్డయింది. "ఎలక్షన్ అయ్యాక చూద్దాం, పొండి," అన్నాడు. హనుమాయమ్మ, "ఈలోపలే చూద్దామండి," అని వెళ్ళిపోయింది.

తర్వాత అది చేసిన పని చెబుతాను వినండి. మగ్గం మీంచి గుడ్డ కోసేశాక చివర జానెడు మూరెడు దారం మిగులుతుంది. కొసలంటాం. ఎవరూ పారెయ్యరు, చుట్టచుట్టి గూట్లో పెట్టుకుంటారు. హనుమాయమ్మ ఇంటింటికీ వెళ్ళి ఆ కొసలు అడిగింది. మగ్గం ఆగిన ఇళ్ళవాళ్ళూ ఇచ్చారు, ఆగని ఇళ్ళవాళ్ళూ ఇచ్చారు. కొసలడిగితే ఎవరు కాదంటారు. రంగురంగుల ముక్కలన్నీ ముడేసి ముడేసి ఒక పడుగు చేశారు ఆడవాళ్ళు. ప్రతి ఇంటి దారమూ అందులో ఉంది. నన్ను మాత్రం అడగలేదు. మా ఇంట్లో మగ్గం లేదు కదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, మా అత్తగారు పెట్టె అడుగున దాచుకున్న మామగారి ఆఖరి గుడ్డ కొసలు, ఆకుపచ్చవి, దానికి ఇచ్చేసిందని. నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ పెట్టె తాళం నేను చూడలేదు.

ఒక పొద్దున మా ఆయన షాపు తెరిచి గల్లాపెట్టె దగ్గర కూర్చోగానే, ఆడవాళ్ళు ఆ ముడుల పడుగు తెచ్చి షాపు ముందు అటు గోడ నుంచి ఇటు గోడ దాకా లాగి కట్టారు. కట్టి గంజి పెట్టడం మొదలెట్టారు.

మీకిది అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. మా సాలెవాళ్ళు పడుగు దాటరు. చస్తే దాటరు. రోజూ వీధిలో నడుమెత్తున కడతారు కాబట్టి వంగి కింద నుంచి వెళ్ళిపోతాం. అది తప్పు కాదు. హనుమాయమ్మ ఆ రోజు మోకాలెత్తున కట్టించింది. మోకాలెత్తు పడుగు కింద నుంచి వెళ్ళాలంటే పాకాలి. మా ఆయన పొట్ట మీరు చూళ్ళేదు. మెంబరుగా నిలబడ్డ మనిషి, తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. దాటలేడు, పాకలేడు. లోపలే కూర్చున్నాడు.

మధ్యాహ్నం నేను క్యారేజీ తీసుకెళ్ళాను. వీధి మొత్తం అక్కడే ఉంది. అంకమ్మరావు ఆడవాళ్ళకి సోడాలు కొట్టి ఇస్తున్నాడు. నేను పడుగు ఇవతల, మా ఆయన అవతల. పడుగు మీదుగా అన్నం అందిస్తే ఎంగిలవుతుందని మా వాళ్ళ నమ్మకం.

"అక్కా, కింద నుంచి తొయ్యి. దారమేం అడ్డం రాదు," అంది హనుమాయమ్మ, గంజి కుంచె ఆపకుండా.

కుక్కకి పెట్టినట్టు నేల మీద పెట్టి తోశాను. గిన్నె ఒకటి ఒరిగి పప్పుచారు మట్టిలో పోయింది.

"ఏమేవ్, వాళ్ళని పొమ్మని చెప్పు," అన్నాడాయన.

"నా మాట వినేవాళ్ళయితే ఇంతదాకా వస్తారేంటండీ," అన్నాను.

ఎవరో వెనక నుంచి, "మెంబరుగారు భోంచేస్తున్నారు, మెల్లిగా గంజి పెట్టండే," అన్నారు. నవ్వులు. ఆ నవ్వుల్లో మా అత్తగారి నవ్వు నాకు వినపడింది. నేను తల తిప్పి చూడలేదు. చూడక్కర్లేదు, ఆవిడ నవ్వు నాకు తెలుసు. నా దగ్గర మాత్రం ఎప్పుడూ నవ్వని నవ్వు.

పొద్దు వాలింది. పడుగు తియ్యలేదు. మనిషన్నాక బయటికి వెళ్ళే అవసరాలు ఉంటాయి. ఆ షాపుకి పెరటి గుమ్మం లేదు. మా ఆయన లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. హనుమాయమ్మ చూసింది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది మెల్లిగా, "బావగారూ, మగ్గానికింతని ఒక్క మాటనండి. ఈ క్షణం విప్పేస్తాం," అంది. ఆయన వినివుంటే అయిపోయేది. నూలు కాస్త పోయేది, సీటు మిగిలేది.

అప్పుడే బండి జక్కయ్య బేళ్ళు వేసుకుని వచ్చాడు. జక్కయ్య నేతవాడు కాదు. బేళ్ళ తాళ్ళు కోసే కత్తి వాడి మొలలో ఎప్పుడూ ఉంటుంది.

"జక్కయ్యా, ఆ చివర కోసెయ్యి," అన్నాడు మా ఆయన.

"నాకెందుకండీ ఈ గొడవ. దాటి రమ్మంటే వస్తాను గానీ, కొయ్యమంటారేంటి."

"నువ్వు దాటితే నాకేంట్రా లాభం? బయటికి రావలసింది నేను. కొయ్యి."

జక్కయ్య అందరి మొహాలూ చూశాడు. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రాకపోవడమేమిటా అనుకున్నాన్నేను. వాళ్ళకి నమ్మకం కుదరలేదు, అంతే. సాలె పుట్టుక పుట్టినవాడు పడుగు కొయ్యమంటాడని ఎవరి ఊహలోనూ లేదు. మా వాళ్ళలో గుడ్డ పూర్తయితే కోస్తారు. నేసేవాడు పోతే కోస్తారు. ఇంకెందుకూ కొయ్యరు.

కత్తి తగలగానే బిగువుగా ఉన్న దారాలన్నీ ఒక్కసారి వెనక్కి ముడుచుకుపోయాయి. మా ఆయన చెప్పులేసుకుని వాటి పక్కనుంచి గబగబా వెళ్ళిపోయాడు. ఎవరూ తిట్టలేదు. ఒక్కరు కూడా. తిట్టివుంటే నాకు ధైర్యంగా ఉండేది. వీధిలో పెద్ద మగ్గాలవాళ్ళు, మా బల్ల మీద కూర్చుని కాఫీలు తాగినవాళ్ళు, మేడల మీంచి దిగివచ్చారు. వంగి మట్టిలోంచి దారాలు ఏరుకుంటున్నారు. "ఎర్రది మాది." "ఈ పసుపుది మా అమ్మ నేసింది." మా అత్తగారు కూలబడి ఆకుపచ్చ కొసలు వెతుక్కుంటోంది.

హనుమాయమ్మ ఏడవలేదు, అరవలేదు. రెండు చివరలూ ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కూర్చుని ముళ్ళు వెయ్యడం మొదలెట్టింది.

అక్కడితో ఆగివుంటే జనం నాలుగు రోజుల్లో మర్చిపోయేవాళ్ళు. అది ఆగలేదు. తెగిన పడుగుని పాత దుప్పట్లో చుట్టుకుని రోజుకో పెంకుటింటికి వెళ్ళేది. ఓటున్న ఇంటికే వెళ్ళేది, చూడండి. అరుగు మీద పరిచి, "మీ కొస ఇందులో ఉందండి. మీది మీరు కలుపుకోండి," అనేది. ఓటు మాట ఎత్తేది కాదు. అంకమ్మరావు పేరు తలిచేది కాదు. ఇంట్లోవాళ్ళు దారం వెతుక్కునేవాళ్ళు, ముడేసేవాళ్ళు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు. దానికి ఓటు లేదు. కానీ ఓటున్న ప్రతివాడి వేళ్ళ మధ్యా అది కూర్చుంది.

మా ఆయన తాంబూలం పళ్ళెం పట్టుకుని ఓట్లకి వెళితే, వెళ్ళిన ఇంట్లోనల్లా ఆ పడుగు పరిచి ఉండేది, లేకపోతే అప్పుడే చుట్టి తీసుకెళ్ళిన గుర్తుగా అరుగు మీద దారప్పోగులు పడి ఉండేవి. "రండి కూర్చోండి," అని మర్యాద చేసేవాళ్ళు. తాంబూలం పుచ్చుకునేవాళ్ళు. "మాదేముందండీ, మీవాళ్ళమే," అనేవాళ్ళు. అలా అంటూ చేతిలో ముడి మాత్రం ఆపేవాళ్ళు కాదు.

చివరికి మా ఇంటికీ తెచ్చింది.

"ఎందుకు తెచ్చావిక్కడికి?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"అత్తయ్యగారి కొస ఉందక్కా. నీ పేరున ఇల్లుంది, ఓటుంది. నీ అరుగు వదిలిపెడితే తప్పు కదా."

"నా అరుగు మీద నా మొగుణ్ణి ఓడిస్తావా?"

"పడుగు పరుస్తానక్కా. ఓడించేది నేనెవర్ని," అంది.

నేను పొమ్మనబోతున్నాను. లోపల్నుంచి అత్తగారు వచ్చి, కొత్త టేకుబల్ల మీద చతికిలబడి, "ఇటు తేవే చిన్నదానా," అంది. ఆ బల్ల మీద అప్పటిదాకా ఆవిడ కూర్చోలేదు. ఎన్నిసార్లు కూర్చోమన్నా, "నాకెందుకే, జనం కోసం చేయించావు," అనేది. ఇప్పుడు ఒళ్ళో పడుగు వేసుకుని, వీపు ఆన్చుకుని, ఆకుపచ్చ పోగులు ఒక్కొక్కటే కలుపుతోంది. నూలు గంజి వార్నీషుకి అంటుకుంటోంది. సరిగ్గా అప్పుడే మా ఆయన తన మనుషుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. వాళ్ళ చేతుల్లో నీలం జెండాలు. నీలం మా ఓట్లపెట్టె రంగు. చదువురానివాళ్ళకి తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టె ఇచ్చేవాళ్ళు. అంకమ్మరావుది తెలుపు.

"అమ్మా, ఇదేంటి," అన్నాడు.

"మీ నాన్నది," అంది అత్తగారు, తలెత్తకుండా.

జెండాలవాళ్ళు మెల్లిగా మెట్లు దిగిపోయారు. హనుమాయమ్మ కింద నేల మీద కూర్చుని ఉంది. బల్ల మీద చోటున్నా కూర్చోలేదు. అది కూడా నన్ను చూసే చేసిందని నా అనుమానం.

ఓట్ల రోజు నేను జట్కా కట్టించుకుని వెళ్ళాను. నడిచే దూరమే. అయినా ఓటున్న ఆడది నడిచి వెళితే ఏం బాగుంటుంది. ధర్మవరం పట్టుచీర, కాసుల పేరు. మా వీధి చివరి బడిలో పోలింగు. బడి ముందు చూస్తే పడుగు కట్టి ఉంది. తెగిన పడుగే, అతికి, సాఫుచేసి, ఈసారి మామూలుగా నడుమెత్తున. ఓటు లేని ఆడవాళ్ళంతా అటూ ఇటూ నిలబడి గంజి పెడుతున్నారు. టోపీ పెట్టుకున్న ఆఫీసరు ఒకాయన వచ్చి తియ్యమన్నాడు.

"రోజూ ఇక్కడే పెడతామండి. ఎవరినైనా అడగండి. దారికేం అడ్డం, వంగితే వెళ్ళొచ్చు," అంది హనుమాయమ్మ.

నిజమే, రోజూ అక్కడే పెడతారు. ఆయన కాసేపు గొణిగి తనే వంగి లోపలికి వెళ్ళాడు.

నేను జట్కా దిగేసరికి మేడ మీదివాళ్ళు, పెంకుటిళ్ళవాళ్ళు ఒకరి వెనక ఒకరు వంగి వెళుతున్నారు. ఆ పడుగులో తమ ముడి ఎక్కడుందో చూసుకుంటూ వెళుతున్నారు. ఒకాయన ఆగి తన ముడి వేలితో తడిమి మరీ వెళ్ళాడు. నేనూ వంగాను. వంగక ఏం చేస్తాను.

"అక్కా, చీర జాగ్రత్త. గంజి అంటుతుంది," అంది.

అది అనేలోపే అంటింది. భుజం మీద, సరిగ్గా అంచు దగ్గర. అలాగే లోపలికెళ్ళి నీలం పెట్టెలో వేశాను. మా ఆయనకే వేశాను. పడుగు కోయించాడు, అయినా నా మొగుడు. ఇందులో దాచేదేమీ లేదు. ఆ పెట్టెలో కాగితం వేస్తుంటే లోపల ఇంకా ఖాళీగా ఉన్నట్టు చప్పుడు తెలిసింది. పక్కన తెల్లపెట్టెలో వేసినావిడ కాగితం మాత్రం చప్పుడు లేకుండా పడింది.

లెక్క పెట్టిన రోజు మా ఆయన పెందలాడే వచ్చేశాడు. చొక్కా విప్పి వంకీకి తగిలించాడు. నేను మంచినీళ్ళిస్తే తాగి, "అంకమ్మరావు మాట్లాడలేక అక్కడే ఏడ్చేశాడే," అన్నాడు.

"మనం?"

"మనమేముంది. పడుగు జోలికి పోకుండా ఉండవలసింది."

అంకమ్మరావు గెలిచాడని ఊళ్ళో అందరూ అన్నారు. వాడు గెలవలేదు. ఓటు లేనిది గెలిచింది. ఈ ముక్క ఫోటో కింద రాస్తే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, నిజమే కాబట్టి. తర్వాత నూలు పర్మిట్ మా షాపు నుంచి తీసి, వీధివాళ్ళు కలిసి పెట్టుకున్న నేత సొసైటీకి ఇచ్చారు. మగ్గానికింతని పంచారు. వీధిలో మళ్ళీ చప్పుడు మొదలయింది. పొద్దున్నే ఆ టకటకలకి నాకు తెలివొచ్చేది. మా షాపులో గుడ్డలు పెట్టుకున్నాం, బతికాం, అది వేరే కథ.

నా బల్ల మాత్రం అరుగు మీద అలాగే ఉండిపోయింది. ఎవరూ రాలేదు. కుళాయి కావలసినవాళ్ళు, దీపం కావలసినవాళ్ళు అంకమ్మరావు సోడాకొట్టుకైనా వెళ్ళారా అంటే అదీ లేదు. హనుమాయమ్మ తాటాకింటి ముందు నేల మీద చేరేవాళ్ళు. మెంబరైన అంకమ్మరావు కూడా అక్కడికే వచ్చి, నేల మీద కూర్చుని, "ఏం చెయ్యమంటావమ్మా," అనేవాడు. అది పేక దారం, అంటే అడ్డం నేసే దారం, కండెలకి చుట్టుకుంటూ చెప్పేది. మా అరుగు మీంచి అంతా కనపడేది. వినపడేది కాదు, అదే నన్ను తినేసింది.

ఆ ఏడు చలికి మా అత్తగారి మోకాళ్ళు పట్టేశాయి. నేల మీద కూర్చుంటే లేవలేకపోతోంది. "పెద్దదానా, ఆ బల్ల అక్కడ వేయించవే. ఇక్కడ ఎవరు కూర్చుంటారు గనక," అంది. ఇక్కడ ఎవరు కూర్చుంటారు గనక. నా మొహం మీదే అంది.

ఒక చివర నేను పట్టుకున్నాను, ఒక చివర హనుమాయమ్మ పట్టుకుంది. వీధిలో నడుస్తుంటే అందరూ చూస్తున్నారు.

"ఇది నా బల్ల," అన్నాను సగం దారిలో, దింపి ఊపిరి తీసుకుంటూ.

"నీదేనక్కా. కాదన్నానా."

"ఎవడన్నా అడిగితే నాదని చెప్పాలి."

"చెబుతాను. నువ్వొస్తే లేచి చోటిస్తారులే," అంది.

నాకు కావలసింది అదేనని దానికెలా తెలుసు. ఎవరికీ చెప్పలేదు నేను.

నాలుగు రోజులు వెళ్ళలేదు. తర్వాత ఒక సాయంత్రం మంచి చీర కట్టుకుని వెళ్ళాను. జనం ఉన్నారు, అంకమ్మరావు ఉన్నాడు, ఆడవాళ్ళున్నారు. కొత్త పడుగు ఒకటి నేల మీద పరుచుకుని తెగిన పోగులు చూసుకుంటున్నారు. నేను వచ్చాను. ఎవరూ లేవలేదు. లేవడానికి బల్ల మీద ఎవరూ లేరు. మా అత్తగారు కూడా మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, జారి నేల మీదే కూర్చుంది, చేతికి దారం అందడానికి.

నేనొక్కదాన్నే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. నా పాదాల దగ్గర ఒక పోగు తెగి ఉంది. అందరూ హనుమాయమ్మతో మాట్లాడుతున్నారు, దాని మాటే వింటున్నారు. నేను వంగి ఆ పోగు రెండు కొసలూ కలిపి ముడేశాను. వదిలాను. నిలిచింది. గోటితో గీరాను. రాలేదు.

అత్తగారు అటు తిరిగి ఉంది, చూడలేదు. హనుమాయమ్మ చూసింది. చూసి, మళ్ళీ కండె చుట్టుకుంది.